ఆరో తోలుబంతి

థూ! నీ మొకానికి సున్నం గూడ కావాల్నా?

ఉండు, జర కూసోనియ్యి. మోకాళ్లు వంగుతలేవు. సున్నం బకెట్టు తెచ్చిన, బ్రష్షు తెచ్చిన, ఏటేటా తెచ్చినట్టే తెచ్చిన. గని ఇయ్యాల నీ సమాధి మీద ఒక్క చుక్క పడనియ్య. చూడు, పక్కన రాజయ్య సమాధి ఎట్ల తెల్లగ మెరుస్తుందో. ఆయన పెండ్లాం పొద్దుగాలనే వచ్చి పూసి పోయింది. రేపు ఈస్టరు. తెల్లారంగనే సంఘమంత కొవ్వొత్తులు పట్టుకొని ఈడికే వస్తది. "సాలవ్వా, నీ మొగని సమాధికి సున్నమెందుకు వెయ్యలే" అని అడుగుతరు. ఏం చెప్పాలె? నువ్వే చెప్పు. చెప్పవు! బతికినన్నాళ్లు చెప్పలే. చచ్చి ఆరేండ్లాయె, ఇప్పుడేం చెప్తవ్!

ఏంది? మెల్లగ మాట్లాడాల్నా? ఎందుకు మెల్లగ? ఎవరింటే ఏంది? నీకు జీవితమంత ఇదే కదా, ఎవరన్న వింటరేమో, ఎవరన్న ఏమన్న అనుకుంటరేమో.

సరే, మొదటికెళ్లి చెప్త విను.

మొన్న సోమవారం మనింటి ముందర ఒక తెల్ల కారాగింది. దాంట్లకెళ్లి ఒక పోరడు దిగిండు. శ్రావణ్ అంట పేరు. కామారెడ్డిల నిజాంసాగర్ చౌరస్తా కాడ మూడో అంతస్తుల జిమ్ము పెట్టిండట. జబ్బలు ఎంత ఉబ్బినయంటే చేతులు పక్కకు నిలబడ్డయ్, కిందికి వాలుతలేవు. వాడు ఇంట్లకు రాకముందే వాడు కొట్టుకున్న సెంటు వచ్చింది. నాకు తుమ్ములు వట్టినయ్.

"ఆంటీ, తోలు పని చేసే అబ్రాహాము ఇల్లు ఇదేనా?" అన్నడు. ఆయన పోయిండు బిడ్డా అన్న. "అయ్యయ్యో! మరి కుట్టెటోళ్లు ఎవ్వరు లేరా?" అన్నడు. చూసినవా? ఆ అయ్యయ్యో నీ కోసం కాదు. కుట్టెటోడు దొరకనందుకు.

డిక్కి తెరిచి, కొత్త టవల్ల చుట్టింది ఒకటి తీసిండు. పసిపిల్లను ఎత్తుకున్నట్టు రెండు చేతులల్ల ఎత్తుకొని వచ్చి అరుగు మీద పెట్టిండు. విప్పిండు.

ఓ మనిషీ, నేను చూడంగనే గుర్తువట్టిన. నువ్వు కుట్టిన తోలుబంతి. ఎనిమిది తోలు రేకలు, రేక రేకకు డబల్ కుట్టు, మూతి కాడ నువ్వు పెట్టే ఆ చిన్న సిలువ. బడిల కసరత్తు సారు రాజలింగు మెడిసిన్ బాలు అనేటోడు చూడు, పోరగాండ్లు ఎత్తి ఒకల మీదికి ఒకలు విసురుకునే బరువు బంతి, అదే. ఎల్లారెడ్డి బడిల పాత స్టోరు రూము ఖాళీ జేసి తుక్కు కింద అమ్మిండ్రట. తుక్కోని కాడికెళ్లి వీని చేతికి వచ్చింది. నల్లగయింది, పగుళ్లు వచ్చినయ్, ఒకపక్క జానెడు కుట్టు ఊడింది. గని గుండ్రం పోలే. నీ పని అది. పనికి మాత్రం వంక పెట్ట.

"ఇది వింటేజ్ ఆంటీ" అంటడు. అంటే ఏంది తమ్మీ అన్న. "పాతది. ఇప్పుడు పాతదానికే గిరాకి" అన్నడు. ఎంత పాతదన్న. "నిజాం కాలంది. ఫౌజోళ్లు దీంతోని కసరత్తు చేసేటోళ్లు" అన్నడు!

నా మొకం మీదనే అన్నడు! ఆ దారానికి మైనం రాసింది నేను. ఆ రేకలు నానబెట్టిన నీళ్లు బోరింగు కాడికెళ్లి మోసింది నేను. నిజాం కాలంనాడు నేనేడున్న? గని ఫౌజోళ్లదే కావచ్చు బిడ్డా అన్న.

మల్ల ఏమంటడు, "కుట్టు పాతలెక్కనే కనిపియ్యాలె ఆంటీ. వాసన మాత్రం పోవాలె. మా జిమ్ముకు వచ్చెటోళ్లు ముక్కు మూసుకుంటరు" అంటడు. ఇగ చూడు! మన వాడకెళ్లి పోయేటోళ్లు ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకున్నకాడికెళ్లి ఈ మాట వింటనే ఉన్న. తోలు కావాలె, తోలువాసన వద్దు. తంగేడు చెక్కల నానిన తోలు మల్లెపూల వాసన ఎట్ల కొడతది? వాసనంటే ఛీ అన్నోళ్లే ఇయ్యాల దాన్ని చెంపకు ఆనిచ్చుకొని ఫోటోలు దిగుతుండ్రు. వాడు మన అరుగు మీదనే నాలుగు దిగిండు.

సరే, ఇడిసిపెట్టి పో బిడ్డా, నేనే కుడత అన్న. "నువ్వా ఆంటీ?" అని నవ్విండు. నవ్వనియ్యి.

మంగళవారం నీ పనిముట్ల డబ్బా దించిన. తోలుకు బొక్కలు పొడిచే ఆరె తుప్పు పట్టింది, రాయి మీద నూరిన. మూతికాడి కుట్టు విప్పి లోపలి పీలికలు గుంజుడు మొదలువెట్టిన. అవే పీలికలు! బడి నెక్కర్ల ఖాకీ ముక్కలు, ఆడివిల్లల లంగాల నీలి ముక్కలు. మనిద్దరం టైలరు దుక్నం కింద కూసొని ఏరుకొచ్చినయే. పట్టుకుంటే పొడి పొడి రాలుతున్నయ్. నాకు నవ్వొచ్చింది గూడ. నువ్వు యాదికొచ్చినవ్. అబద్ధమెందుకు, జర ఏడ్పు గూడ వచ్చింది.

ఇంక లోపలికి చెయ్యి పెడితే కాగితం తాకింది.

పేపర్ల చుట్టి, మైనం దారం అడ్డం నిలువు కట్టిన పొట్లం. కత్తిరిచ్చిన. విప్పిన.

నా పెండ్లి చీర.

తెల్ల పట్టుచీర, వెండి జరీ అంచు. మా అవ్వ రెండు పంటలు ఊరందరి మడులల్ల కలుపు దీసి కొన్నది. గుడిల నీ పక్కన నిలబడ్డనాడు కట్టుకున్న చీర. మడతల కాడ పసుపు పచ్చగయింది, జరీ నల్లగయింది, గని ఒక్క చిరుగు లేదు. ఒక్కటంటే ఒక్కటి!

ఇప్పుడు మాట్లాడు! మాట్లాడవేంది? అన్ని చింపినవ్ కదా, ఖాకీ చింపినవ్, నీలి చింపినవ్, నీ పాత పంచె గూడ చింపి కుక్కినవ్. చీరెందుకు చింపలే? తెల్వక కుక్కినోడైతే చింపెటోడే. నువ్వు నాలుగు మడతలు వెట్టినవ్. కాగితం చుట్టినవ్. నడిమిట్ల పెట్టినవ్. అంటే నా చీరనే అని తెల్సు. మల్ల తీద్దామని గూడ అనుకున్నవ్. ఎప్పుడు తీద్దామనుకున్నవ్? బంతి పలిగి మరమ్మతుకు వస్తే తీద్దామనుకున్నవా? నీ కుట్టు పలగదాయె! ముప్పై రెండేండ్లు ఎంతమంది పోరగాండ్లు ఎన్నిసార్లు నేలకేసి కొట్టిండ్రో, పలగలే. ఇప్పుడు ఊడింది గూడ జానెడే.

ఆ దినమంత ఇప్పుడు కండ్ల ముందర కనవడుతుంది నాకు. తొంభైమూడు. కామారెడ్డిల ఆటల పోటీలు. రాజలింగు సారు పట్నంకెళ్లి ఒక పలిగిన బంతి తెచ్చి నీ ముందరేసి, "అబ్రాహామూ, గిసొంటివి ఆరు కావాలె, ఒక్కొక్కటి మూడు కిలోలు తూగాలె, ఒక్క తులం తక్కువున్నా తీస్కోను" అన్నడు. నువ్వు దాన్ని కోసి, రేకలు పరిచి, కాగితం మీద గీసుకొని, నెల దినాలు కుట్టినవ్. ఇసుక పొయ్యరాదు, కుట్లకెళ్లి కారుతది. రాళ్లు పెట్టరాదు, పోరగాండ్ల పండ్లు రాలుతయ్. పీలికలే కుక్కాలె, రోకలితోని దంచి కుక్కాలె. నేను నాటుకు పోయే పొద్దు ఐదు అయినయ్. ఆరోది తక్కెట్ల మీదికి లేస్తనే ఉన్నది. టైలరు ఎవరో చచ్చిపోతే ఊరికి పోయిండు, దుక్నం బందు. పదకొండింటి బస్సుకు సారు పోవాలె. మాపటికి నేను బురదకాళ్లతోని ఇంటికి వస్తే నువ్వు ఎంత సంతోషంగ ఉన్నవ్! "ఆరు తూగినయే సాలా, ఆరు తూగినయ్!" అన్నవ్. పీలికలు ఏడికెళ్లి తెచ్చినవని నేను అడగలే. అడగాల్సింది.

నా చీర పెట్టిన రేకుపెట్టె తాళం నీ ఆరె కొనకు లొంగుతదని నాకు తెల్వదా!

మల్ల కోతల పండుగకు కట్టుకుందామని పెట్టె తెరిస్తే చీర లేదు. పెట్టె తాళంచెవి ఎవరి మొలకున్నది? నీ చెల్లె సలోమి మొలకు. పది దినాల కింద ఆ చీర అడిగింది ఎవరు? సలోమి. "వదినె, నన్ను చూసేటందుకు పండుగనాడు డోంగ్లి ఊరికెళ్లి వస్తున్నరు, ఒక్క పూట కట్టుకొని ఇస్త" అన్నది. నేనియ్యలే. ఇంకేం గావాలె? ఊరంత తిరిగి చెప్పిన. ఆదివారం ఆరాధన అయినంక, అందరు కూసొని ఉండంగనే, లేచి నిలబడి చెప్పిన. నా పెండ్లి చీర నా ఆడబిడ్డ ఎత్తుకున్నది అని.

సలోమి లేచింది. ఇరవై ఏండ్ల పిల్ల. ఎవ్వరు చెప్పకుంటనే ముందరికి పోయి బైబిలు మీద చెయ్యివెట్టి, "నేను తియ్యలే" అన్నది. అంతే అన్నది. నేను ఒర్లిన. బైబిలు మీద గూడ అబద్ధమే చూడుండ్రి అని ఒర్లిన. పాస్టరు అయ్యగారు ఆరు నెలలు ఆమెకు సంస్కారం ఆపిండ్రు. వచ్చే వారం రొట్టె, ద్రాక్షరసం అందరికి ఇచ్చుకుంట వచ్చి, సలోమి కాడికి రాంగనే పక్కకు జరిగి పోయిండ్రు. ఆమె చెయ్యి చాపే ఉన్నది. ఖాళీ చెయ్యి.

నువ్వేం చేసినవ్? పాటల పుస్తకం తిప్పినవ్! ఏ పాట దొరికింది నీకు? ఇంట్ల పాటే లేదు, గుడిల పాట వెతికినవ్! సొంత చెల్లె. అవ్వ బాపు పోతే నీ చేతుల మీద పెరిగిన పిల్ల. ఒక్క మాట, "నేనే తీసిన, బంతిల కుక్కిన" అంటే ఏమైతుండె? నేను నాలుగు దినాలు అలుగుతుంటి. రాజలింగు సారు నవ్వుతుండె. బంతి కోసి చీర తీస్తుంటిమి. అంతే కదా! నీకు మొగోళ్ల ముందర నవ్వులపాలైతనని భయం. పెండ్లాం చీర కుక్కి బంతి తూగిచ్చిండు అంటరని భయం. ఛీ!

డోంగ్లోళ్లు మల్ల రాలే. సలోమి నస్రుల్లాబాద్‌ల మేనత్త తాన పోయింది. పోయే దినం ఆమె పెట్టె బస్టాండు దాక నువ్వే మోసినవ్. పెట్టె మోసినవ్, నోరు మాత్రం తెరువలే. పదేండ్లు కూలికి పోయి, ఆఖరుకు ఒక పెండ్లాం చచ్చినాయనను చేసుకున్నది. నీ మట్టికి వచ్చినప్పుడు గూడ గేటు బయట నిలబడ్డది. లోపలికి రాలే. నువ్వు ఆఖరు దినం "సలోమి, సలోమి" అన్నవ్. నేను చెల్లె మీద పావురం, ప్రేమ అనుకున్న. పావురం కాదది, నీ లోపల ఇది మెసులుతుండె.

బంతి ఏం చేసిన అంటున్నవా? కుట్టిన. చీర తీసినంక బరువు తక్కువైతది కదా, నీ లుంగీలు రెండు, ఆ చారల అంగి దంచి దంచి కుక్కి కుట్టిన. గురువారం బస్సెక్కి కామారెడ్డికి నేనే మోసుకపోయిన. మూడంతస్తులు ఎక్కిన. ఆడ చూస్తే గోడలకన్ని అద్దాలు, చలి మిషిన్లు, చెవులు పోయేటంత పాట. పోరగాండ్లు అద్దంల తమను తామే చూసుకుంట మూలుగుతుండ్రు. మనం పొలంల మూలిగితే వినెటోడు లేకుండె. ఈడ మూలిగేటందుకు పేర్లు రాయించుకుంటరట. బంతిని ఏం చేసిండనుకున్నవ్? ఎవ్వరు ఎత్తలే. గాజు డబ్బాల పెట్టి, మీద లైటు పెట్టి, ముట్టుకోవద్దు అని బోర్డు పెట్టిండు. ఎత్తెటందుకు చేసిన దాన్ని చూసేటందుకు పెట్టిండు. ఇప్పుడు నీ లుంగీలు ఆడ లైటు కింద మెరుస్తున్నయ్, పో. నిజాం ఫౌజోళ్ల లుంగీలు.

నవ్వకు. నవ్వేటందుకు రాలే నేను.

ఇంకొకటుంది. అది చెప్పాల్నా వద్దా అని గంటసేపటికెళ్లి చూస్తున్న. నిన్ను తిట్టుడు అల్కగున్నది నాకు. ముప్పై రెండేండ్లకు తిట్టేటందుకు ఒక మనిషి దొరికినవ్, పైనుంచి చచ్చిన మనిషివి, ఎదురు చెప్పవ్. సొంపుగున్నది.

చీర పోయిందని తెల్సినదానికి రెండో దినమో మూడో దినమో, నీ మైనం ముద్ద కాడ కూసొని దారం రాస్తున్న. ముద్దల ఏదో తళుక్కుమన్నది. గోరుతోని గీకిన. జరీ పోగు. వెండి జరీ పోగు, ఇంత పొడుగు. అప్పటికింక ఆదివారం రాలే. అప్పటికింక సలోమి బైబిలు మీద చెయ్యి పెట్టలే.

అవును, నాకు తెల్సు. బంతిల ఉన్నదని తెల్వదు గని, నీ చేతి మీదికెళ్లే పోయిందని తెల్సు. తాగేటందుకు ఏడనో అమ్ముకున్నడు అనుకున్న. ఆ పోగు తీసి పొయ్యిల వేసిన. ఆదివారం గుడికి పోయి సలోమి పేరు చెప్పిన.

ఎందుకా? అడగవ్ నువ్వు, నేనే చెప్త. తాళంచెవి ఆమె మొలకు. కూలి పైసలు నువ్వు ఆమె చేతులనే పెడుదువ్. కూర ఏం వండాల్నో ఆమెనే చెప్పాలె. పెండ్లయి మూడేండ్లయినా నేను ఆ ఇంట్ల చుట్టాన్ని. ఆమె పోతే ఇల్లు నాదైతదనుకున్న. అయింది. నాదే అయింది ఇల్లు. ఇప్పుడు ఆ ఇంట్ల నేనొక్కదాన్నే ఉన్న.

నువ్వు తెల్సి నోరు మూసుకున్నవ్. నేను తెల్సి ఒర్లిన. మనిద్దరికి మంచిగనే కుదిరింది. ఒకల మొకం ఒకలు చూసుకుంట, ఇద్దరం తెల్సి, ఒకలకొకలం చెప్పుకోకుంట ఇరవై ఆరేండ్లు ఒక్క కంచంల తిన్నం. తలుచుకుంటే ఒళ్లంత కంపు కొడుతున్నట్టున్నది. ఇది తోలువాసన కాదు, కడిగితే పోదు.

నిన్న గుడ్ ఫ్రైడే. గుడికి పోలే నేను. చీర సంచిల వేసుకొని బాన్సువాడ బస్సెక్కి, ఆడ దిగి ఇంకో బస్సెక్కి, నస్రుల్లాబాద్ పోయిన. చెప్దామనే పోయిన. ఒట్టు, చెప్దామనే పోయిన. దారిపొడుగూత మాటలు కూర్చుకున్న. సలోమీ, చీర దొరికింది, మీ అన్న తీసిండు, నాకు అప్పుడే తెల్సు. మూడే మాటలు. పెదవులు కదులుతుంటే పక్క సీటామె ప్రార్థన చేస్తున్ననుకొని "ఆమేన్" అన్నది.

సలోమి వాకిట్ల మక్కలు ఒలుస్తుంది. జుట్టంత నెరిసింది. షుగరు వచ్చి కాళ్లు వాచినయ్. నన్ను చూసి లేవబోయి లేవలేకపోయింది. "వదినె" అన్నది. ముప్పై రెండేండ్లాయె ఆ పిలుపు విని. పీట జరిపింది. నీళ్లిచ్చింది.

"వదినె, నేను తియ్యలే. ఇప్పటికన్న నమ్ముతవా?" అన్నది. నేనింకా నోరే తెరువలే, అదే అడిగింది. అంటే దినాం అదే మాట పెట్టుకొని కూసున్నది అన్నట్టు.

చెయ్యి సంచిల పెట్టిన. చీర తాకింది. నోరు తెరిచిన.

ఏమన్ననో తెల్సా?

"అయిందేదో అయింది సలోమీ. ఇంక దాని మాట వద్దు. నేను నిన్ను క్షమించిన" అన్న.

నేను! నేను ఆమెను క్షమించిన అన్న! ఏడికెళ్లి వచ్చిందో ఆ మాట నాకు తెల్వదు. సంచిలకెళ్లి చెయ్యి తీసి ఆమె నెత్తి మీద పెట్టిన గూడ. నువ్వు బతికుంటే నా మొకాన ఉమ్ముతుంటివి. లేదులే, నువ్వు పుస్తకం తిప్పుతుంటివి.

ఆమె ఏడ్చింది. నా రెండు చేతులు పట్టుకొని కండ్లకద్దుకున్నది. "నువ్వు క్షమించినంక నాకింకేం అడ్డం వదినె, ఈస్టరుకు వస్త, మన గుడిలనే నీ పక్కన మోకరించి సంస్కారం తీస్కుంట" అన్నది. అప్పటికెళ్లి ఇప్పటిదాక ముట్టలేదట. ఆరు నెలలే ఆపిండ్రు కదే అంటే, "నువ్వు నమ్మనన్ని రోజులు ఎట్ల ముడత" అన్నది. మక్కరొట్టెలు చేసి పెట్టింది. రెండు తిన్న. చీర సంచిలనే ఉన్నది, కాళ్ల కాడ.

రేపు వస్తది. మొదటి బస్సుకే వస్తదట. చెప్తనా? నాకు తెల్వదు. నిన్న చెప్పనిదాన్ని రేపు అందరి ముందర చెప్తనా? నిన్ను అడిగితే నువ్వేం చెప్తవ్!

బస్టాండు దాక వాచిన కాళ్లతోని నడుచుకుంట వచ్చి, బస్సెక్కిచ్చి, కిటికీలకెళ్లి నా చెయ్యి పట్టుకొని, "నీది పెద్ద మనసు వదినె" అన్నది.

నేను కాదనలే.